రెండు హైడ్రోజన్ల తేడా: సంతృప్త, అసంతృప్త హైడ్రోకార్బన్లను విడదీసేది ఏమిటి?

సైక్లోహెక్సేన్, సైక్లోహెక్సీన్ సీసాలను పక్కపక్కన పెడితే కంటితో తేడా పట్టుకోవడం కష్టం. రెండూ రంగులేని ద్రవాలే. రెండూ నీటిలో కలవవు, నీటిపై తేలతాయి. మొదటిది 81 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 83 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అణువులో తేడా రెండే రెండు హైడ్రోజన్ పరమాణువులు: మొదటిదానిలో 12, రెండోదానిలో 10. కానీ బ్రోమిన్ ద్రావణం చుక్క వేయగానే సైక్లోహెక్సీన్ దాని రంగును అప్పటికప్పుడు పోగొడుతుంది. నీడలో ఉంచిన సైక్లోహెక్సేన్‌లో మాత్రం నారింజ రంగు అలాగే ఉండిపోతుంది.

ఇంటర్ రసాయన శాస్త్రంలో హైడ్రోకార్బన్ల పాఠం అనగానే విద్యార్థులకు గుర్తొచ్చేది చర్యల జాబితా, దాన్ని బట్టీ పట్టడం. నిజానికి ఆ జాబితాలో చాలా భాగం ఈ రెండు హైడ్రోజన్ల లోటు నుంచే పుడుతుంది. ఆ లోటు అణువులో ఏ రూపంలో ఉందన్నదే అసలు ప్రశ్న. అది వలయంగా ఉండొచ్చు, పై (π) బంధంగా, అంటే ద్విబంధంలో, త్రిబంధంలో ఉండే అదనపు బంధంగా ఉండొచ్చు. బ్రోమిన్ రంగు పోయిందంటే అది దేనికి సాక్ష్యమో, దేనికి కాదో కూడా అక్కడే తేలుతుంది.

లెక్క ఎలా వేయాలి

కార్బన్ నాలుగు బంధాలు ఏర్పరుస్తుంది, హైడ్రోజన్ ఒక్కటే. కార్బన్లు వలయం కట్టకుండా, ఏకబంధాలతోనే కలిసి ఉంటే హైడ్రోజన్ల సంఖ్య కార్బన్ల సంఖ్యకు రెట్టింపు కన్నా రెండు ఎక్కువ ఉంటుంది. మీథేన్‌లో 1 కార్బన్‌కు 4, ప్రొపేన్‌లో 3 కార్బన్లకు 8, హెక్సేన్‌లో 6 కార్బన్లకు 14. గొలుసుకు కొమ్మలెన్ని ఉన్నా ఈ లెక్క మారదు. ఇక్కడ ఇంకో హైడ్రోజన్‌కు చోటు లేదు కనుకే వీటిని సంతృప్త హైడ్రోకార్బన్లు అన్నారు.

ఒక అణువులో ఈ గరిష్ఠ సంఖ్య కన్నా హైడ్రోజన్లు ఎన్ని తక్కువ ఉన్నాయో చూసి, దాన్ని రెండుతో భాగిస్తే వచ్చేదే అసంతృప్తత సంఖ్య. క్లోరిన్, బ్రోమిన్ లాంటి హాలోజన్లను హైడ్రోజన్ల కిందే లెక్కించాలి. ఆక్సిజన్‌ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నైట్రోజన్ ఉంటే ఒక్కోదానికి గరిష్ఠ సంఖ్యకు ఒకటి కలపాలి. బెంజీన్‌లో 6 కార్బన్లు, 6 హైడ్రోజన్లు. ఉండాల్సినవి 14, లోటు 8, అసంతృప్తత సంఖ్య 4.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఈ సంఖ్యను ద్విబంధాల సంఖ్యగా చదివినప్పుడే. ప్రతి వలయం కూడా రెండు హైడ్రోజన్లను తగ్గిస్తుంది, ఎందుకంటే గొలుసు రెండు చివర్లు కలవాలంటే చెరో హైడ్రోజన్ పోవాలి. 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు ఉన్న పదార్థం 1-హెక్సీన్ కావచ్చు, సైక్లోహెక్సేన్ కావచ్చు. మొదటిది అసంతృప్తం, రెండోది వలయం ఉన్న సంతృప్తం. ‘కార్బన్లకు రెట్టింపు హైడ్రోజన్లుంటే ఆల్కీన్ (కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్నది)’ అని రాసేస్తే సగం సమాధానమే అవుతుంది.

వలయాన్ని, పై బంధాన్ని వేరుచేసే మార్గం కూడా లెక్కలోనే ఉంది. 4 కార్బన్లు, 6 హైడ్రోజన్లు ఉన్న అణువును తీసుకుందాం. అసంతృప్తత సంఖ్య 2. అది 1-బ్యూటైన్, 2-బ్యూటైన్, 1,3-బ్యూటాడయీన్, సైక్లోబ్యూటీన్లలో ఏదైనా కావచ్చు. సాధారణ పరిస్థితుల్లో ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఎక్కిస్తే మొదటి మూడూ మోల్‌కు 2 మోల్‌ల హైడ్రోజన్ తీసుకుంటాయి. సైక్లోబ్యూటీన్ 1 మోల్ తీసుకుని ఆగిపోతుంది. తీసుకున్న హైడ్రోజన్ పై బంధాల సంఖ్యను చెబుతుంది, తీసుకోకుండా మిగిలిన లోటు వలయాల సంఖ్యను చెబుతుంది. నూనెల్లో ఉండే ఓలియిక్ ఆమ్లంలో 18 కార్బన్లు, 34 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. లెక్క ప్రకారం సంఖ్య 2 అయినా బ్రోమిన్‌కు అందేది ఒక్కటే. రెండోది ఆమ్ల సమూహంలోని కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం, దాని జోలికి బ్రోమిన్ వెళ్లదు.

పై బంధం బలహీనత, బిగుతు

ఏకబంధం ఉన్న ఈథేన్‌లో కార్బన్-కార్బన్ దూరం 154 పికోమీటర్లు, ద్విబంధం ఉన్న ఇథిలీన్‌లో 134, త్రిబంధం ఉన్న ఎసిటిలీన్‌లో 120. బంధాలు పెరిగేకొద్దీ కార్బన్లు దగ్గరవుతాయి. బంధ శక్తి సుమారుగా 348, 614, 839 కిలోజౌళ్లు, మోల్‌కు. ఈ అంకెలను వరుసగా చదివి ‘ద్విబంధం బలమైంది, అందుకే అది తొందరగా చర్య జరపకూడదు కదా’ అనే సందేహం విద్యార్థులకు తరచూ వస్తుంది. సందేహం న్యాయమైనదే. జవాబు తీసివేతలో ఉంది. 614 లోంచి 348 తీసేస్తే 266. ద్విబంధంలోని రెండో భాగం, అంటే పై బంధం, విలువ అంతే. రెండు కార్బన్లను కలిపే గీత మీదే ఎలక్ట్రాన్లను బిగించి పట్టుకున్న సిగ్మా బంధం కన్నా అది బలహీనం. పై బంధంలోని ఎలక్ట్రాన్లు అణుతలానికి పైన, కింద పరచుకుని బయటి కారకాలకు అందుబాటులో ఉంటాయి. ఎలక్ట్రాన్లు కావలసిన బ్రోమిన్, హైడ్రోజన్ బ్రోమైడ్ లాంటివి వచ్చినప్పుడు తెగేది పై బంధం ఒక్కటే. సిగ్మా బంధం చెక్కుచెదరదు, కార్బన్ గొలుసు అలాగే నిలుస్తుంది. పై బంధం పోయిన చోట రెండు కొత్త సిగ్మా బంధాలు ఏర్పడి శక్తి విడుదలవుతుంది. దీన్నే సంకలన చర్య అంటారు.

సంతృప్త అణువుకు ఈ అవకాశం లేదు. కొత్త పరమాణువు రావాలంటే ఉన్న హైడ్రోజన్ ఖాళీ చేయాల్సిందే. అది ప్రతిక్షేపణ. దానికి కాంతి గానీ, వేడి గానీ కావాలి, ఎందుకంటే ముందు బ్రోమిన్ లేదా క్లోరిన్ అణువు విడిపోయి స్వేచ్ఛా ప్రాతిపదికలు, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కణాలు, పుట్టాలి. సంతృప్త అణువులైన ఆల్కేన్లు ‘చర్యాశీలత లేనివి’ అని అనేస్తుంటారు గానీ, అది చీకటిలో, గది ఉష్ణోగ్రత దగ్గర మాత్రమే నిజం. 800 డిగ్రీలు దాటిన కొలిమి గొట్టంలో నీటి ఆవిరితో కలిపి పంపితే ఈథేన్ సెకను కన్నా తక్కువ వ్యవధిలోనే హైడ్రోజన్ కోల్పోయి ఇథిలీన్ అవుతుంది. ప్లాస్టిక్ పరిశ్రమకు ముడిసరుకు వచ్చేది ఈ మార్గంలోనే.

పై బంధం వల్ల ఇంకో పరిణామం ఉంది. ఈథేన్‌లో రెండు కార్బన్లు ఒకదానిపై ఒకటి తిరగడానికి మోల్‌కు 12 కిలోజౌళ్లు చాలు, గది వేడికే అది ధారాళంగా జరిగిపోతుంది. ద్విబంధం చుట్టూ తిరగాలంటే పై బంధం తెగాలి, కనుక మామూలుగా తిరగదు. అందుకే 2-బ్యూటీన్ సిస్ (మిథైల్ సమూహాలు ద్విబంధానికి ఒకే పక్క), ట్రాన్స్ (ఎదురెదురు పక్కల) అని రెండు వేర్వేరు పదార్థాలుగా ఉంటుంది. సిస్ 3.7 డిగ్రీల దగ్గర, ట్రాన్స్ 0.9 డిగ్రీల దగ్గర మరుగుతాయి. హైడ్రోజన్ ఎక్కించినప్పుడు సిస్ సుమారు 120, ట్రాన్స్ సుమారు 116 కిలోజౌళ్లు విడుదల చేస్తాయి. రెంటి నుంచీ వచ్చేది అదే బ్యూటేన్ కాబట్టి, తక్కువ వేడి వదిలిన ట్రాన్స్ మొదటి నుంచీ ఎక్కువ స్థిరమైనదని అర్థం. ఈ నాలుగు కిలోజౌళ్ల తేడాయే వంటనూనెల దగ్గర పెద్ద సమస్యగా మారింది.

బ్రోమిన్ పరీక్ష: ఎంత పట్టిందన్నదే సాక్ష్యం

పరీక్షను ఇలా చేస్తారు. శుభ్రమైన పొడి పరీక్షనాళికలో 0.1 మిల్లీలీటర్ నమూనాను 2 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో కలపాలి. పాత పుస్తకాల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ అని ఉంటుంది. అది కాలేయానికి విషం, ఓజోన్ పొరకు హానికరం, వాడకపోవడమే మంచిది. దానికి అదే ద్రావణిలో కరిగించిన 2 శాతం బ్రోమిన్ ద్రావణాన్ని చుక్క చుక్కగా, కలుపుతూ వేయాలి. పక్కనే ఇంకో నాళికలో నమూనా లేకుండా ద్రావణి ఒక్కటే పోసి అదే పని చేయాలి. బ్రోమిన్ చర్మాన్ని కాల్చేస్తుంది, ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. చేతి తొడుగులు, పొగ లాగే గూడు తప్పనిసరి. ఒలికితే పోయడానికి సోడియం థయోసల్ఫేట్ ద్రావణం పక్కనే సిద్ధంగా ఉండాలి.

సాధారణంగా ‘రంగు పోయింది, అసంతృప్తం’ అని రాసి ముగిస్తారు. ఎన్ని చుక్కలకు పోయిందో రాయరు. అసలు సమాచారమంతా అందులోనే ఉంది. 0.1 మిల్లీలీటర్ సైక్లోహెక్సీన్ బరువు 81 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 1 మిల్లీమోల్. ఒక ద్విబంధానికి ఒక బ్రోమిన్ అణువు చొప్పున దానికి 160 మిల్లీగ్రాముల బ్రోమిన్ కావాలి. 2 శాతం ద్రావణంలో మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి మొత్తం 8 మిల్లీలీటర్లు పట్టాలి. నిజమైన ఆల్కీన్ రెండు మూడు చుక్కల దగ్గర ఆగదు, వేస్తూ పోయినకొద్దీ తాగుతూనే ఉంటుంది. శుద్ధి చేయని ఆల్కేన్‌లో కొద్దిపాటి ఆల్కీన్ మాలిన్యంగా ఉంటే మొదటి ఒకటి రెండు చుక్కల రంగు పోయి, ఆ తర్వాత చుక్క రంగు నిలిచిపోతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే ఈ పరీక్షలో సర్వసాధారణమైన పొరపాటు.

రెండో తిరకాసు బ్రోమిన్ నీటితో వస్తుంది. హెక్సేన్‌ను బ్రోమిన్ నీటితో గట్టిగా కలిపి నిలబెడితే కింది నీటి పొర వెలిసిపోతుంది. అది చూసి రంగు పోయిందని రాసేస్తే తప్పే. బ్రోమిన్ ఎక్కడికీ పోలేదు, నీటిలో కన్నా హెక్సేన్‌లో బాగా కరుగుతుంది కాబట్టి పై పొరలోకి చేరింది. పై పొర నారింజ రంగుకు తిరిగి ఉంటుంది. ఆల్కీన్ అయితే రెండు పొరలూ రంగులేకుండా అవుతాయి. పొరలు విడిపోయేదాకా ఒక నిమిషం ఆగి, నాళికను తెల్ల కాగితం ముందు పట్టుకుని రెంటినీ చూడాలి.

మూడోది వెలుతురు. కిటికీ పక్క ఎండలో పెట్టిన ఆల్కేన్ నాళికలో కూడా కాసేపటికి రంగు పోతుంది. అది ప్రతిక్షేపణ. అక్కడ హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువు వెలువడుతుంది. నాళిక నోటి దగ్గర తడిపిన నీలి లిట్మస్ కాగితం పెడితే ఎర్రబడుతుంది. సంకలనంలో ఆ వాయువు రాదు. టాలీన్‌తో ఎండలో ఈ పని అస్సలు చేయకూడదు. దాని మిథైల్ సమూహం మీద బ్రోమిన్ చేరి బెంజైల్ బ్రోమైడ్ ఏర్పడుతుంది, అది కళ్లను మండించి నీళ్లు తెప్పించే పదార్థం. ఫీనాల్, అనిలీన్ కూడా చీకట్లోనే బ్రోమిన్ రంగును పోగొడతాయి. బ్రోమిన్ నీటితో అయితే తెల్లని అవక్షేపం ఏర్పడి తమను తాము బయటపెట్టుకుంటాయి.

బ్రోమిన్ నీటితో ఇథిలీన్ చర్యకు ఫలితంగా 1,2-డైబ్రోమోఈథేన్‌ను రాయడం ఎప్పటినుంచో అలవాటుగా వస్తోంది. నీరు లేని ద్రావణిలో అది సరైనదే. నీటిలో మాత్రం ఎక్కువగా ఏర్పడేది 2-బ్రోమోఇథనాల్. బ్రోమిన్ ఒకేసారి రెండు కార్బన్లకూ అతుక్కోదు. ముందు ఒక బ్రోమిన్ రెండు కార్బన్లకూ వంతెనగా చేరి ధనావేశ అయాన్ ఏర్పడుతుంది. రెండో అడుగులో దానిపై దాడి చేసేది చుట్టూ ఏది ఎక్కువగా ఉంటే అది. నీటిలో నీటి అణువులే ఎక్కువ. చర్య రెండు మెట్లలో జరుగుతుందని చెప్పడానికి ఇంతకన్నా చక్కని ఆధారం అక్కర్లేదు.

పర్మాంగనేట్‌తో చేసేది బేయర్ పరీక్ష. 1 శాతం ద్రావణం, చల్లగా, తటస్థంగా లేదా కొద్దిగా క్షారంగా ఉండాలి. ఆల్కీన్ ఉంటే ఊదా రంగు పోయి, గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ అవక్షేపం కనిపిస్తుంది. ద్విబంధం ఉన్న చోట రెండు హైడ్రాక్సిల్ సమూహాలు చేరతాయి. ఆల్డిహైడ్లు, ఫీనాల్, ఫార్మిక్ ఆమ్లం కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మకూడదు. నమూనా కరగడానికి ఇథనాల్ వాడితే అదే నిదానంగా ఆక్సీకరణం చెంది రంగు పోగొడుతుంది. శుద్ధమైన అసిటోన్ మేలు. బ్రోమిన్‌తో, పర్మాంగనేట్‌తో రెంటితోనూ ఫలితం వస్తే నమ్మకం పెరుగుతుంది. సైక్లోప్రొపేన్ లాంటి 60 డిగ్రీల కోణంలో బిగుసుకున్న వలయం బ్రోమిన్‌తో తెగగలదు గానీ పర్మాంగనేట్‌కు లొంగదు. ఆ తేడాతోనే అది ఆల్కీన్ కాదని తెలిసిపోతుంది.

ల్యాబ్‌లో వాయువును తయారుచేసి పరీక్షించేటప్పుడు ఇంకో మోసం ఎదురవుతుంది. ఇథనాల్‌కు రెట్టింపు ఘనపరిమాణం గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 170 డిగ్రీల దాకా వేడి చేస్తే ఇథిలీన్ వస్తుంది. 140 డిగ్రీల దగ్గరే ఆగితే డైఇథైల్ ఈథర్ వస్తుంది, కాబట్టి థర్మామీటర్ బల్బు ద్రవంలో మునిగి ఉండాలి, 140ని త్వరగా దాటించాలి. గాఢ ఆమ్లం ఇథనాల్‌ను మాడ్చి, తాను క్షయకరణం చెంది సల్ఫర్ డయాక్సైడ్‌ను వదులుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ బ్రోమిన్ నీటి రంగునూ పోగొడుతుంది, పర్మాంగనేట్ రంగునూ పోగొడుతుంది. వాయువును ముందుగా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గుండా పంపకపోతే ఆ రంగు మార్పు ఇథిలీన్ వల్లనా, సల్ఫర్ డయాక్సైడ్ వల్లనా అన్నది ఎవరూ చెప్పలేరు. వేడి చేసిన అల్యూమినా మీదుగా ఇథనాల్ ఆవిరిని పంపే పద్ధతిలో ఈ బెడద లేదు.

ఎసిటిలీన్, కార్బైడ్, మామిడికాయ

త్రిబంధంలో పై బంధాలు రెండు. బ్రోమిన్ రెండు దఫాలుగా చేరుతుంది. అయితే త్రిబంధం ఉన్న ఆల్కైన్లకు, ఆల్కీన్లకు లేని గుణం ఒకటుంది: త్రిబంధం చివర ఉన్న హైడ్రోజన్ స్వల్పంగా ఆమ్ల స్వభావం చూపుతుంది. పీకేఏ విలువలు (ఎంత తక్కువైతే అంత ఎక్కువ ఆమ్ల స్వభావం) ఎసిటిలీన్‌కు సుమారు 25, ఇథిలీన్‌కు 44, ఈథేన్‌కు 50. అందుకే అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌తో తెల్లని అవక్షేపాన్ని, క్యూప్రస్ క్లోరైడ్‌తో ఎర్రని అవక్షేపాన్ని ఇస్తుంది. 1-బ్యూటైన్ ఇస్తుంది, 2-బ్యూటైన్ ఇవ్వదు. ఈ అవక్షేపాలు ఎండితే పేలతాయి. పరీక్ష అయిన వెంటనే, తడిగా ఉండగానే విలీన నైట్రిక్ ఆమ్లం పోసి నాశనం చేయాలి. సింక్‌లో పారబోయకూడదు.

గ్యాస్ వెల్డింగ్ షాపుల్లో ఎసిటిలీన్ పైపులకు రాగి వాడకపోవడానికి కారణం ఇదే, రాగి ఎసిటిలైడ్ (పైన చెప్పిన ఎర్రని అవక్షేపం) భయం. మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్‌లో వాయువు ఒక్కటే నింపి ఉండదు. లోపల సూక్ష్మరంధ్రాల ముద్ద, దానిలో అసిటోన్, ఆ అసిటోన్‌లో కరిగిన ఎసిటిలీన్ ఉంటాయి. ఎసిటిలీన్‌ను ఒంటరిగా ఒత్తితే ఆక్సిజన్ లేకపోయినా తనంతట తానే విచ్ఛిన్నమై పేలగలదు. సిలిండర్‌ను పడుకోబెట్టి వాడితే అసిటోన్ పైపులోకి వచ్చేస్తుంది, అందుకే నిలబెట్టాలి. ఎసిటిలీన్ బరువులో 92.3 శాతం కార్బన్. మామూలు గాలిలో అంత కార్బన్‌కు ఆక్సిజన్ చాలక మసి కక్కుతుంది. ఆక్సిజన్‌తో కలిపి కాలిస్తే మంట వేడి 3,000 డిగ్రీలు దాటి ఉక్కును కరిగిస్తుంది.

కాల్షియం కార్బైడ్‌పై నీళ్లు పడితే ఎసిటిలీన్, సున్నం వస్తాయి. 64 గ్రాముల శుద్ధ కార్బైడ్‌కు 26 గ్రాముల ఎసిటిలీన్, ప్రామాణిక పరిస్థితుల్లో 22.4 లీటర్లు. మార్కెట్లో దొరికే కార్బైడ్ శుద్ధమైనది కాదు. దానిలోని ఫాస్ఫైడ్, ఆర్సెనైడ్, సల్ఫైడ్ మాలిన్యాల నుంచి ఫాస్ఫీన్, ఆర్సీన్, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడతాయి. కార్బైడ్ గ్యాస్ అనగానే గుర్తొచ్చే వెల్లుల్లి లాంటి ఘాటు ఎసిటిలీన్‌ది కాదు, ఈ మాలిన్యాలది. ల్యాబ్‌లో దాన్ని ఆమ్లీకృత కాపర్ సల్ఫేట్ గుండా పంపి కడుగుతారు. కడగకుండా పరీక్షిస్తే ఇక్కడా ఫాస్ఫీన్, హైడ్రోజన్ సల్ఫైడ్‌లే బ్రోమిన్ రంగును పోగొట్టి పక్కదారి పట్టిస్తాయి.

వేసవి వస్తే తెలుగు రాష్ట్రాల మామిడి మార్కెట్లలో కార్బైడ్ పొట్లాల మీద దాడుల వార్తలు మామూలే. ఇక్కడి రసాయన శాస్త్రం ఏమిటంటే, పండు పక్వానికి రావడానికి మొక్క తానే తయారుచేసుకునే హార్మోన్ ఇథిలీన్. మొక్క కణాల్లో దాన్ని గుర్తించే ప్రోటీన్‌లో రాగి అయాన్ ఉంటుంది, ఇథిలీన్ తన పై ఎలక్ట్రాన్లతో ఆ రాగికి అంటుకుంటుంది. పై బంధం లేని ఈథేన్‌కు ఆ పని చేతకాదు. ఎసిటిలీన్‌కు పై బంధం ఉంది కాబట్టి అది ఇథిలీన్‌ను అనుకరిస్తుంది, కానీ ఎన్నో రెట్లు ఎక్కువ గాఢత ఉంటేనే. ఆ గాఢత కోసం బుట్టల్లో కార్బైడ్ పెట్టేసరికి ఆర్సెనిక్, భాస్వరం సమ్మేళనాలు కూడా పండ్ల మధ్యకు చేరతాయి. భారత ఆహార భద్రత నిబంధనలు పండ్లను మాగబెట్టడానికి కార్బైడ్‌ను నిషేధించి, 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) వరకు ఇథిలీన్ వాయువును అనుమతిస్తున్నది అందుకే. ఆ మోతాదు ఎంత తక్కువో లెక్క చూస్తే తెలుస్తుంది. 100 ఘనపు మీటర్ల గదికి 10 లీటర్ల ఇథిలీన్ చాలు, బరువులో సుమారు 12 గ్రాములు. ఇథిలీన్ గాలిలో మండాలంటే కనీసం 2.7 శాతం ఉండాలి, ఇది 0.01 శాతమే. ఇంకా ఎక్కువ వదిలితే త్వరగా మాగుతాయన్నది అపోహ. గదిలో పండ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే అది ఇథిలీన్ పనికి అడ్డుపడుతుంది, అందుకే గదికి మధ్యమధ్య గాలి ఆడించాలి.

మార్కోవ్నికోవ్ నియమం, పాత సీసాలోని పెరాక్సైడ్

ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే బ్రోమిన్ మధ్య కార్బన్ మీద చేరి 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది. హైడ్రోజన్లు ఎక్కువ ఉన్న కార్బన్‌కే హైడ్రోజన్ చేరుతుందని రష్యన్ శాస్త్రవేత్త వ్లదీమిర్ మార్కోవ్నికోవ్ 1870 ప్రాంతంలో చెప్పాడు. కారణం సులువు. ముందు ప్రోటాన్ చేరుతుంది, అది చివరి కార్బన్‌కు చేరితే ధనావేశం మధ్య కార్బన్ మీద నిలుస్తుంది. రెండు పక్కలా మిథైల్ సమూహాలు ఉండటంతో అది చివరన ఉండే ధనావేశం కన్నా స్థిరమైనది.

అయితే దశాబ్దాల పాటు ఈ చర్యలో ఫలితాలు కుదరలేదు. ఒకరికి నియమం ప్రకారం వస్తే ఇంకొకరికి వ్యతిరేకంగా వచ్చేది. 1933లో రసాయన శాస్త్రవేత్తలు ఖరాష్, మేయో దీని గుట్టు విప్పారు. ఆల్కీన్ సీసా తెరిచి మూసినప్పుడల్లా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అందులో పెరాక్సైడ్లు చేరతాయి. అవి హైడ్రోజన్ బ్రోమైడ్ నుంచి బ్రోమిన్ స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టిస్తాయి. ఈసారి ముందు చేరేది బ్రోమిన్, అది చివరి కార్బన్‌కు చేరుతుంది. ఫలితంగా 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. రెండు దారుల్లోనూ మొదట వచ్చిన కణం చివరి కార్బన్‌నే ఎంచుకుంటుంది, మారింది మొదట వచ్చేది ఎవరన్నదే. అది గ్రహిస్తే ‘వ్యతిరేక మార్కోవ్నికోవ్’ను వేరే నియమంగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ ప్రభావం హైడ్రోజన్ బ్రోమైడ్‌కే పరిమితం. హైడ్రోజన్ క్లోరైడ్‌లో బంధం మరీ బలమైనది, ప్రాతిపదిక దాన్ని తేలిగ్గా తెంచలేదు. హైడ్రోజన్ అయొడైడ్‌లో పుట్టే అయొడిన్ ప్రాతిపదిక ద్విబంధానికి చేరడం శక్తిపరంగా లాభం కాదు.

గాలితో చర్య ల్యాబ్‌కే పరిమితం కాదు. నెలల తరబడి కదలని బండి ట్యాంకులోని పెట్రోలులో ఆల్కీన్లు ఇదే రకంగా ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. మన దేశంలో బీఎస్-6 సాధారణ పెట్రోలులో ఆల్కీన్లు ఘనపరిమాణంలో 21 శాతం మించకూడదన్న పరిమితి పెట్టడానికి ఈ జిగురు కూడా ఒక కారణం.

బెంజీన్ ఎందుకు లొంగదు

అసంతృప్తత సంఖ్య 4 ఉన్న బెంజీన్ బ్రోమిన్ నీటిని చూసి కదలదు. వేడి లెక్క దీనికి సమాధానం చెబుతుంది. సైక్లోహెక్సీన్‌కు హైడ్రోజన్ ఎక్కిస్తే 120 కిలోజౌళ్లు వస్తాయి. మూడు విడి ద్విబంధాలుంటే బెంజీన్‌కు 360 రావాలి, వచ్చేది 208. అంటే బెంజీన్ ఆ ఊహాచిత్రం కన్నా 150 కిలోజౌళ్ల మేర స్థిరంగా ఉంది. దాని ఆరు కార్బన్-కార్బన్ బంధాలూ సమానం, దాదాపు 139 పికోమీటర్లు. సంకలనం జరిగితే ఈ స్థిరత్వం పోతుంది కాబట్టి, ఐరన్ బ్రోమైడ్ తోడున్నప్పుడు హైడ్రోజన్‌ను వదులుకుని ప్రతిక్షేపణకు ఒప్పుకుంటుంది, వలయాన్ని మాత్రం కాపాడుకుంటుంది. బెంజీన్ క్యాన్సర్ కారకం, విద్యార్థుల ప్రయోగాలకు వాడకూడదు.

నూనెలోని ద్విబంధాలు

వంటనూనెలు హైడ్రోకార్బన్లు కావు. కానీ వాటి పొడవాటి తోకలు హైడ్రోకార్బన్ గొలుసులే, ద్విబంధాలు అక్కడా అవే నియమాలు పాటిస్తాయి. ఎన్ని ద్విబంధాలున్నాయో చెప్పే కొలత అయొడిన్ విలువ, అంటే 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌కు సమానమైన హాలోజన్‌ను పట్టుకుంటుందన్నది. శుద్ధ ఓలియిక్ ఆమ్లానికి లెక్క ప్రకారం 90, రెండు ద్విబంధాల లినోలియిక్ ఆమ్లానికి 181. కొబ్బరి నూనెకు 7.5 నుంచి 10, వేరుసెనగకు 85 నుంచి 99, పొద్దుతిరుగుడుకు 100 నుంచి 145 మధ్య ఉంటుంది. చలికాలంలో కొబ్బరి నూనె సీసాలో గడ్డకట్టి, పక్కనే పొద్దుతిరుగుడు నూనె పారుతూ ఉండటం ఈ అంకెల ఫలితమే. సిస్ ద్విబంధం దగ్గర గొలుసు వంగుతుంది, వంగిన గొలుసులు దగ్గరగా పేర్చుకోలేవు.

ఈ పరీక్షలో విడి అయొడిన్ వాడరు, అది ద్విబంధానికి నిదానంగా, వెనక్కి మళ్లే విధంగా చేరుతుంది. దీనికి వాడే విజ్ ద్రావణంలో ఉండేది అయొడిన్ మోనోక్లోరైడ్. చీకట్లో అరగంట లేదా గంట ఉంచి, మిగిలినదాన్ని పొటాషియం అయొడైడ్ కలిపి థయోసల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. వెలుతురులో ఉంచితే ప్రతిక్షేపణ కూడా మొదలై విలువ ఎక్కువ చూపుతుంది. నమూనా ఎక్కువ తీసుకుని కారకం దాదాపు అయిపోతే సంకలనం పూర్తికాక విలువ తక్కువ వస్తుంది. వేసిన కారకంలో కనీసం సగం మిగిలేలా నమూనా బరువు ఎంచుకోవాలి.

నూనెకు నికెల్ సమక్షంలో హైడ్రోజన్ ఎక్కిస్తే గట్టిపడుతుంది. వనస్పతి పుట్టింది అలాగే. నికెల్ ఉపరితలంపై హైడ్రోజన్లు ఒక్కొక్కటిగా చేరతాయి. ఒకటి చేరాక ఆ బంధం ఏకబంధమై తిరగగలదు. రెండోది చేరేలోపు మొదటి హైడ్రోజన్ వెనక్కి పోతే ద్విబంధం మళ్లీ ఏర్పడుతుంది, అప్పుడు ఎక్కువ స్థిరమైన ట్రాన్స్ రూపానికే మొగ్గు. హైడ్రోజన్ పీడనం తక్కువ, వేడి ఎక్కువ అయితే ఇది మరింతగా జరుగుతుంది. సిస్ రూపంలోని ఓలియిక్ ఆమ్లం 13 డిగ్రీల దగ్గర కరిగితే, దాని ట్రాన్స్ రూపం ఎలైడిక్ ఆమ్లం 45 దగ్గర, పూర్తిగా సంతృప్తమైన స్టియరిక్ ఆమ్లం 69 దగ్గర కరుగుతాయి. గుండె జబ్బులతో సంబంధం రుజువయ్యాక మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు పరిమితిని 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించారు.

ఈ పరిమితి పాటించారో లేదో అయొడిన్ విలువ చెప్పలేదు. సిస్ అయినా ట్రాన్స్ అయినా ద్విబంధం ఒక్కటే, పట్టే హాలోజన్ ఒక్కటే. ఎలైడిక్ ఆమ్లానికి కూడా లెక్క 90 దగ్గరే వస్తుంది. రెంటినీ వేరుచేయాలంటే ద్విబంధం ఆకారాన్ని చూడగల పరికరం కావాలి. పరారుణ వర్ణపటంలో విడి ట్రాన్స్ ద్విబంధం సెంటీమీటర్‌కు 966 తరంగాల దగ్గర శోషణ చూపుతుంది, సిస్ అక్కడ చూపదు. ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడివిడిగా కావాలంటే వాటిని మిథైల్ ఎస్టర్లుగా మార్చి గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపుతారు.